నెట్‌వర్కు బ్యాకప్ సర్వరు పనితీరు, కాటలాగు నిర్వహణ

నెట్‌వర్కు బ్యాకప్ సర్వరు అనగా అనేక కంప్యూటర్లలోని సమాచారపు నకళ్ళను నెట్‌వర్కు ద్వారా సేకరించి, హార్డు డిస్కులపై గాని అయస్కాంత టేపులపై గాని భద్రపరచే కంప్యూటరు. ఏ ఫైలు నకలు ఏ తేదీన, ఏ టేపుపై, ఏ స్థానంలో వ్రాయబడినదో నమోదు చేసుకొనే డేటాబేసును కాటలాగు అంటారు. గ్రంథాలయంలో పుస్తకాలకు సూచీపత్రం ఎటువంటిదో, బ్యాకప్ టేపులకు కాటలాగు అటువంటిది. సూచీపత్రం లేనిచో పుస్తకం బీరువాలోనే ఉన్నప్పటికీ దొరకదు.

బ్యాకప్ సర్వరు పనితీరును మెరుగుపరచడం అంటే రాత్రిపూట నకలు తీసే పనిని త్వరగా ముగించడం మాత్రమే కాదు. నష్టం జరిగిన రోజున కావలసిన ఫైలును తగిన సమయంలో తిరిగి తెచ్చుకోగలగడమే దీని అసలు ప్రయోజనం. కొన్ని మార్పులు మొదటిదానికి మేలు చేసి రెండవదానికి కీడు చేస్తాయి. ఈ వ్యాసంలో స్వేచ్ఛా సాఫ్టువేరు అయిన బాక్యులాను ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

బాక్యులా నిర్మాణం

బాక్యులా రూపకల్పనను 2000 జనవరిలో కెర్న్ సిబాల్డ్, జాన్ వాకర్ ప్రారంభించారు. ఇది 2002 ఏప్రిల్‌లో మొదటిసారిగా ప్రజలకు విడుదలైనది. బ్యాకప్, డ్రాక్యులా అనే రెండు పదాల కలయికను ఈ పేరు స్ఫురింపజేస్తుంది. దీని మూలసంకేతం నుండి వేరుపడిన బారియోస్ అనే మరొక సాఫ్టువేరు 2013లో విడుదలైనది. రెండింటి నిర్మాణం మౌలికంగా ఒకటే.

బాక్యులా ఒకే ప్రోగ్రాము కాదు. ఇది నెట్‌వర్కు ద్వారా పరస్పరం మాట్లాడుకొనే కొన్ని ప్రోగ్రాముల సముదాయం.

* డైరెక్టరు: ఏ పని ఎప్పుడు జరగాలో నిర్ణయించి, మిగిలినవాటికి ఆజ్ఞలు ఇస్తుంది. కాటలాగుతో సంప్రదించేది ఇదే. ఇది సాధారణంగా 9101 పోర్టును వాడుతుంది.
* ఫైల్ డెమన్: నకలు తీయవలసిన ప్రతి కంప్యూటరులోను ఉండి ఫైళ్ళను చదివి పంపుతుంది. దీని పోర్టు 9102.
* స్టోరేజి డెమన్: వచ్చిన సమాచారాన్ని టేపుపై గాని డిస్కుపై గాని వ్రాస్తుంది. దీని పోర్టు 9103.
* కన్సోలు: నిర్వాహకుడు ఆదేశాలు ఇవ్వడానికి వాడే సాధనం.
* కాటలాగు: మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసులో ఉంటుంది.

ఫైళ్ళలోని సమాచారం ఫైల్ డెమన్ నుండి నేరుగా స్టోరేజి డెమన్‌కు పోతుంది, డైరెక్టరు గుండా పోదు. అయితే ప్రతి ఫైలు పేరు, పరిమాణం, తేదీ, అనుమతులు వంటి లక్షణాలు స్టోరేజి డెమన్ నుండి డైరెక్టరుకు, అక్కడి నుండి కాటలాగుకు చేరుతాయి. అందువలన ఒకే పనిలో రెండు ప్రవాహాలు ఉంటాయి. మొదటిది బరువైనది, సమాచారపు ప్రవాహం. రెండవది తేలికైనది, లక్షణాల ప్రవాహం. చాలాచోట్ల మొదటిదానిపైనే దృష్టి పెట్టి, ఆలస్యానికి కారణమైన రెండవదానిని గమనించకుండా వదిలివేయడం జరుగుతుంది.

కాటలాగులోని పట్టికలు

కాటలాగులో ముఖ్యమైన పట్టికలు కొన్ని మాత్రమే. జాబ్ పట్టికలో ప్రతి బ్యాకప్ పనికి ఒక వరుస ఉంటుంది. మీడియా పట్టికలో ప్రతి టేపుకు లేదా డిస్కు వాల్యూముకు ఒక వరుస ఉంటుంది. జాబ్‌మీడియా పట్టిక ఏ పని ఏ వాల్యూములో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో చెబుతుంది. పాత్ పట్టికలో డైరెక్టరీల పేర్లు ఉంటాయి. ఫైల్ పట్టికలో నకలు తీసిన ప్రతి ఫైలుకు, తీసిన ప్రతిసారి, ఒక వరుస చేరుతుంది. పూర్వపు వెర్షన్లలో ఫైళ్ళ పేర్లకు ఫైల్‌నేమ్ అనే వేరొక పట్టిక ఉండేది. 2021లో వచ్చిన 11వ వెర్షనులో దానిని ఫైల్ పట్టికలో కలిపివేశారు.

మిగిలిన పట్టికలన్నీ కలిసినా ఫైల్ పట్టిక ముందు చిన్నవే. దీని పరిమాణాన్ని ఒక లెక్కతో ఊహించవచ్చును. ఒక్కొక్క కంప్యూటరులో 2 లక్షల ఫైళ్ళు ఉన్న 50 కంప్యూటర్లకు ఒకసారి పూర్తి బ్యాకప్ తీస్తే ఫైల్ పట్టికలో 1 కోటి వరుసలు చేరుతాయి. ఒక్కొక్క వరుసకు స్థూలంగా 150 బైట్లు అనుకుంటే ఇది 1.5 గిగాబైట్లు. వారానికి ఒక పూర్తి బ్యాకప్ చొప్పున 60 రోజుల రికార్డులను ఉంచితే ఇటువంటివి 9 వరకు ఉంటాయి, అనగా 13.5 గిగాబైట్లు. ఇండెక్సులకు పట్టే చోటు దీనికి అదనం. సర్వరులో జ్ఞాపకశక్తి 4 గిగాబైట్లే ఉన్నట్లయితే ఈ పట్టికలో ఎక్కువ భాగం డిస్కు నుండే చదవవలసి వస్తుంది. తొలి నెలలలో చురుకుగా ఉన్న సర్వరు ఏ మార్పూ చేయకుండానే కొంతకాలానికి మందగించడానికి సాధారణ కారణం ఇదే.

వేగాన్ని నిర్ణయించే అంశాలు

బ్యాకప్ ఒక గొలుసు వంటిది. క్లయింటు డిస్కు, క్లయింటు ప్రాసెసరు, నెట్‌వర్కు, సర్వరు డిస్కు, టేపు డ్రైవు, కాటలాగు అనేవి అందులోని కొక్కేలు. వీటిలో అన్నింటికన్నా నెమ్మదైనది ఏదో మొత్తం వేగం దాని వేగమే. మిగిలినవాటిని ఎంత మెరుగుపరచినా ఫలితం కనిపించదు.

1 టెరాబైటు సమాచారాన్ని సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో పంపితే 10,000 సెకన్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. అదే సమాచారం సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్కు గుండా వెళ్ళవలసి వస్తే, గరిష్ఠ వేగం సెకనుకు 12.5 మెగాబైట్లే కనుక 22 గంటలకు పైగా పడుతుంది. అటువంటి చోట ఖరీదైన టేపు డ్రైవు కొనడం వలన ప్రయోజనం ఉండదు.

ఫైళ్ళ సంఖ్య కూడా ముఖ్యమైనదే. 10 గిగాబైట్ల ఒకే ఫైలును చదవడం డిస్కుకు తేలిక. అదే 10 గిగాబైట్లు 10 లక్షల చిన్న ఫైళ్ళుగా ఉంటే డిస్కులోని శిరస్సు 10 లక్షల చోట్లకు కదలాలి, కాటలాగులో 10 లక్షల వరుసలు చేరాలి. కనుక అవసరం లేని తాత్కాలిక ఫైళ్ళను, బ్రౌజరు నిల్వలను, లినక్సులోని ప్రాక్ వంటి కృత్రిమ డైరెక్టరీలను ఫైల్‌సెట్ నిర్వచనంలో మినహాయించడం అన్నింటికన్నా చౌకైన మెరుగుదల. దీనివలన గొలుసులోని అన్ని కొక్కేలపైనా భారం తగ్గుతుంది.

ఆలస్యానికి కారణాన్ని గుర్తించడం

అమరికలను మార్చడానికి ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతున్నదో కొలవాలి. బాక్యులా ప్రతి పని చివర ఒక నివేదికను ఇస్తుంది. అందులో పని ప్రారంభమైన, ముగిసిన సమయాలు, గడిచిన కాలం, ఫైళ్ళ సంఖ్య, బైట్లు, సగటు వేగం ఉంటాయి. స్టోరేజి డెమన్ సమాచారాన్ని వ్రాయడానికి పట్టిన సమయాన్ని వేరుగా తెలుపుతుంది. లక్షణాలను డైరెక్టరుకు పంపడం ఎప్పుడు మొదలైనదో కూడా నివేదికలో ఒక వాక్యం ఉంటుంది.

వ్రాయడానికి 1 గంట పట్టి, మొత్తం పనికి 3 గంటలు పట్టినట్లయితే, లక్షణాలను పంపే వాక్యం తరువాత మిగిలిన సమయం గడిచినట్లు కనిపిస్తే, ఆలస్యానికి కారణం కాటలాగు. వ్రాయడమే ఆలస్యమైతే కారణం క్లయింటు, నెట్‌వర్కు, టేపులలో ఒకటి. ఒకే క్లయింటు నుండి ముందు ఒక పెద్ద ఫైలును, తరువాత అంతే పరిమాణం గల చిన్న ఫైళ్ళను బ్యాకప్ తీసి పోల్చినచో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది.

స్పూలింగు

టేపు డ్రైవు ఎడతెగని ప్రవాహాన్ని కోరుకుంటుంది. సమాచారం తగినంత వేగంగా రానప్పుడు టేపు ఆగి, కొంత వెనుకకు పోయి, తిరిగి ముందుకు సాగవలసి వస్తుంది. ఇది మాటిమాటికీ జరిగితే వేగం పడిపోవడమే కాక టేపు, డ్రైవు రెండూ అరిగిపోతాయి. 2000లో వచ్చిన తొలి ఎల్‌టీఓ టేపుల సామర్థ్యం 100 గిగాబైట్లు. 2010లో వచ్చిన 5వ తరం డ్రైవు వేగమే సెకనుకు 140 మెగాబైట్లు. గిగాబిట్ నెట్‌వర్కు సిద్ధాంతరీత్యా ఇవ్వగలిగినది సెకనుకు 125 మెగాబైట్లు మాత్రమే. అనగా గిగాబిట్ నెట్‌వర్కుపై ఒక్క క్లయింటు ఇటువంటి డ్రైవును పూర్తి వేగంతో నడపలేదు.

దీనికి పరిష్కారం డేటా స్పూలింగు. సమాచారాన్ని ముందుగా సర్వరులోని వేగవంతమైన డిస్కుపై పోగుచేసి, నిర్ణీత పరిమాణం చేరిన తరువాత ఒక్కసారిగా టేపుపైకి పంపుతారు. అలా పంపుతున్నంతసేపు ఆ పనికి చెందిన క్లయింటు ఆగి ఉంటుంది. ఇతర పనులు మాత్రం తమ సమాచారాన్ని స్పూలు చేసుకోవచ్చును. స్పూలు డిస్కు ఒకేసారి చదవబడుతూ, వ్రాయబడుతూ ఉంటుంది కనుక అది టేపుకన్నా చాలా వేగవంతమైనదిగా ఉండాలి. కాటలాగు డేటాబేసును ఇదే డిస్కుపై ఉంచడం తగదు. నేరుగా డిస్కు వాల్యూములకు బ్యాకప్ తీసేటప్పుడు డేటా స్పూలింగు వలన సాధారణంగా లాభం లేదు.

రెండవది లక్షణాల స్పూలింగు. ఇది లేనప్పుడు ఫైళ్ళ లక్షణాలు వచ్చినవి వచ్చినట్లుగా కాటలాగులో చేరుతుంటాయి, డేటాబేసు ఆగినప్పుడల్లా టేపు కూడా ఆగుతుంది. ఇది ఉన్నప్పుడు స్టోరేజి డెమన్ లక్షణాలన్నింటినీ ఒక ఫైలులో పోగుచేసి పని చివర పంపుతుంది. దీనివలన డేటాబేసు ఆలస్యం టేపును తాకదు. డేటా స్పూలింగును అమర్చినప్పుడు లక్షణాల స్పూలింగు దానంతట అదే అమలవుతుంది.

ఏకకాలపు పనులు, టేపు బ్లాకులు

అనేక క్లయింట్ల పనులను ఒకేసారి నడపడం వలన నెమ్మదైన క్లయింటు కోసం మిగిలినవి వేచి ఉండనవసరం లేదు. దీని పరిమితిని డైరెక్టరు, క్లయింటు, స్టోరేజి నిర్వచనాలన్నింటిలోను సరిచూడాలి. ఒకచోట పెంచి మరొకచోట 1 అని వదిలినట్లయితే పనులు ఒకదాని తరువాత ఒకటిగానే నడుస్తాయి.

స్పూలింగు లేకుండా అనేక పనులను ఒకే టేపుపైకి పంపితే వాటి బ్లాకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బ్యాకప్ వేగంగానే ముగుస్తుంది. అయితే ఒక పనిని పునరుద్ధరించేటప్పుడు ఇతర పనుల బ్లాకులను కూడా చదివి వదిలివేయవలసి వస్తుంది. స్పూలింగు ఉన్నచో ఒక్కొక్క పని సమాచారం పెద్ద ముక్కలుగా టేపుపై చేరుతుంది కనుక ఈ నష్టం తగ్గుతుంది.

బాక్యులా అప్రమేయంగా 64,512 బైట్ల బ్లాకులను వ్రాస్తుంది. ప్రతి 1 గిగాబైటుకు ఒకసారి ఫైలు ముగింపు గుర్తును పెడుతుంది. వేగవంతమైన డ్రైవులలో ఈ గుర్తు పెట్టే ప్రతిసారి కొంత విరామం ఏర్పడుతుంది కనుక ఆ దూరాన్ని పెంచడం మేలు. బ్లాకు పరిమాణాన్ని పెంచడం కూడా లాభిస్తుంది గాని, దానిని జాగ్రత్తగా చేయాలి. పాత పరిమాణంతో వ్రాసిన టేపులు కొత్త అమరికతో చదవబడకపోవచ్చును. ఈ మార్పు తరువాత ఒక పాత టేపును చదివి చూడడం తప్పనిసరి.

కాటలాగులో రికార్డుల చేరిక

డేటాబేసు ఒక వ్యవహారాన్ని ముగించినప్పుడు ఆ మార్పు డిస్కుపైకి నిజంగా చేరినదని నిర్ధారించుకుంటుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డు డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒక చుట్టుకు ఒక నిర్ధారణ అనుకుంటే సెకనుకు సుమారు 120 వ్యవహారాలు మాత్రమే సాధ్యం. ప్రతి ఫైలును వేరువేరు వ్యవహారంగా చేర్చినట్లయితే 10 లక్షల ఫైళ్ళకు 8,333 సెకన్లు, అనగా 2 గంటల 19 నిమిషాలు పడుతుంది.

ఈ కారణం చేతనే బాక్యులాలో గుంపుగా చేర్చే పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఇందులో వరుసలన్నీ ముందుగా ఒక తాత్కాలిక పట్టికలోకి పోతాయి. తరువాత కొత్త డైరెక్టరీల పేర్లు పాత్ పట్టికలో చేరుతాయి. చివరకు మొత్తం వరుసలు ఒకే ఆదేశంతో ఫైల్ పట్టికలోకి మారుతాయి. తాత్కాలిక పట్టికకు చాలినంత చోటు డేటాబేసు తాత్కాలిక డైరెక్టరీలో ఉండాలి. ఆ చోటు చిన్న విభాగంలో ఉండి నిండిపోయినచో, సమాచారమంతా టేపుపై చేరిన తరువాత కూడా పని విఫలమైనట్లు నమోదవుతుంది.

డేటాబేసు అమరికలు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో షేర్డ్ బఫర్లు అనే అమరిక డేటాబేసు తన కోసం ఉంచుకొనే జ్ఞాపకశక్తిని తెలుపుతుంది. దీని అప్రమేయ విలువ పెద్ద కాటలాగులకు చాలదు. డేటాబేసుకే కేటాయించిన సర్వరులో మొత్తం జ్ఞాపకశక్తిలో నాల్గవ వంతుతో మొదలుపెట్టడం సాధారణ పద్ధతి. వర్క్ మెమరీ అమరిక క్రమబద్ధీకరణకు వాడబడుతుంది. పునరుద్ధరణకు ఫైళ్ళ జాబితాను తయారుచేసేటప్పుడు ఇది ఉపకరిస్తుంది. అయితే ప్రతి క్రమబద్ధీకరణకు వేరువేరుగా ఇంత జ్ఞాపకశక్తి ఇవ్వబడుతుంది కనుక దీనిని అతిగా పెంచరాదు. పెద్ద చేరికల సమయంలో చెక్‌పాయింట్లు మాటిమాటికీ జరగకుండా వాల్ పరిమాణ పరిమితిని పెంచుతారు.

మైఎస్‌క్యూఎల్‌లో 2010లో వచ్చిన 5.5 వెర్షను నుండి ఇన్నోడీబీ అప్రమేయ నిల్వ పద్ధతి అయినది. అంతకుముందు వాడుకలో ఉన్న మైఐసామ్ వ్రాసేటప్పుడు సాధారణంగా మొత్తం పట్టికకు తాళం వేస్తుంది. ఏకకాలంలో అనేక పనులు నడిచేచోట ఇది ఆటంకం. ఇన్నోడీబీలో బఫర్ పూల్ పరిమాణం అతి ముఖ్యమైన అమరిక.

వేగం కోసం భద్రతను వదులుకొనే అమరికలు కూడా ఉన్నాయి. వాటి మధ్య తేడాను గుర్తించాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సింక్రనస్ కమిట్‌ను ఆపివేస్తే, విద్యుత్తు పోయినప్పుడు చివరి కొన్ని వ్యవహారాలు పోవచ్చును గాని డేటాబేసు చెడిపోదు. ఎఫ్‌సింక్‌ను ఆపివేస్తే మొత్తం డేటాబేసే చెడిపోయే ప్రమాదం ఉంది. బ్యాకప్ సర్వరులో రెండవ మార్పు ఎన్నడూ తగదు.

ఇండెక్సుల విషయంలో కూడా సమతూకం అవసరం. ఫైల్ పట్టికకు పని సంఖ్యపై ఇండెక్సు లేనట్లయితే, ఒక్క ఫైలును వెతకడానికి కోట్ల వరుసలను చదవవలసి వస్తుంది. కన్సోలులో డైరెక్టరీ వృక్షం నిర్మించబడుతున్నదనే సందేశం వద్ద గంటల తరబడి ఆగిపోవడానికి ఇది ఒక కారణం. అలాగని ప్రతి నిలువు వరుసకు ఇండెక్సు పెడితే ప్రతి చేరికకు ఆ ఇండెక్సులన్నీ మారవలసి వచ్చి రాత్రి పనులు మందగిస్తాయి. బాక్యులాతో వచ్చే ఇండెక్సులు యథాతథంగా ఉన్నాయో లేదో, ముఖ్యంగా వెర్షను మారిన తరువాత, సరిచూసుకొనడం మంచిది.

నిలుపుదల కాలం

కాటలాగు పెరుగుదలను అదుపు చేసేది నిలుపుదల కాలం. బాక్యులా అప్రమేయంగా ఫైలు రికార్డులను 60 రోజులు, పనుల రికార్డులను 180 రోజులు, వాల్యూములను 365 రోజులు ఉంచుతుంది. గడువు తీరిన రికార్డులు కాటలాగు నుండి తొలగించబడతాయి. టేపుపై ఉన్న సమాచారం మాత్రం టేపును తిరిగి వాడేవరకు అలాగే ఉంటుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ఫైలు రికార్డులు పోయి పని రికార్డు మిగిలినప్పుడు, ఆ పనిలోని ఒక్క ఫైలును జాబితా నుండి ఎంచుకొనడం సాధ్యపడదు. మొత్తం పనిని పునరుద్ధరించి అందులో వెతుక్కోవాలి. డేటాబేసును చిన్నదిగా ఉంచాలని ఫైళ్ళ నిలుపుదలను 15 రోజులకు తగ్గించిన చోట, నెల క్రితం చెరిగిపోయిన ఒక పత్రం కోసం పూర్తి టేపును చదవవలసి వస్తుంది. కనుక ఈ గడువును డిస్కు చోటును బట్టి కాక, ఎంత పాత ఫైలును అడిగే అవకాశం ఉన్నదో దానిని బట్టి నిర్ణయించాలి.

రికార్డులు తొలగినంత మాత్రాన డేటాబేసు ఫైళ్ళు చిన్నవి కావు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వ్యాక్యూమ్ అనే ప్రక్రియ ఖాళీ అయిన చోటును తిరిగి వాడుకకు తెస్తుంది. 2008లో వచ్చిన 8.3 వెర్షను నుండి ఇది అప్రమేయంగా తనంతట తానే జరుగుతుంది. వ్యాక్యూమ్ ఫుల్ ఆ చోటును ఆపరేటింగు సిస్టముకు తిరిగి ఇస్తుంది గాని, ఆ సమయంలో పట్టికకు తాళం పడుతుంది కనుక బ్యాకప్ పనులు లేని వేళలోనే చేయాలి. ఏ ఫైలుకూ సంబంధం లేకుండా మిగిలిపోయిన పాత్ వరుసలను డీబీచెక్ అనే సాధనం తొలగిస్తుంది.

తెలుగు పేర్లు గల ఫైళ్ళు

లినక్సు, యూనిక్సు వ్యవస్థలలో ఫైలు పేరు అనేది కేవలం బైట్ల వరుస. అది ఫలానా సంకేత పద్ధతిలోనే ఉండాలన్న నియమం లేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఉదాహరణకు "తెలుగు" అనే పదంలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 సంకేతాలు ఉంటాయి కనుక దానికి 18 బైట్లు కావాలి. లినక్సులో ఫైలు పేరుకు సాధారణ పరిమితి 255 బైట్లు కనుక తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు.

ఒకే కంప్యూటరులో యూటీఎఫ్-8 పేర్లు, పాత పద్ధతులలోని పేర్లు కలగలిసి ఉండవచ్చును. డేటాబేసు యూటీఎఫ్-8ను మాత్రమే అంగీకరించేలా ఉంటే పాత పేర్లను తిరస్కరిస్తుంది. అందుచేత పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో బాక్యులా కాటలాగును ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే సంకేత పద్ధతితో నిర్మిస్తారు. పేరుకు ఆస్కీ అయినప్పటికీ ఇది బైట్లను మార్చకుండా ఉన్నవి ఉన్నట్లుగా నిల్వ చేస్తుంది. తెలుగు పేర్లకు దీనివలన ఏ హానీ లేదు.

కాటలాగు బ్యాకప్

బ్యాకప్ సర్వరు డిస్కు చెడిపోతే కాటలాగు కూడా పోతుంది. టేపులన్నీ క్షేమంగా ఉన్నప్పటికీ ఏది ఎక్కడ ఉన్నదో తెలియదు. టేపులను చదివి కాటలాగును తిరిగి నిర్మించే బీస్కాన్ అనే సాధనం ఉన్నది. అయితే అది ప్రతి టేపును మొదటి నుండి చివరి వరకు చదవాలి కనుక అనేక టేపులకు రోజులు పడుతుంది.

అందువలన ప్రతి రాత్రి మిగిలిన పనులన్నీ ముగిసిన తరువాత కాటలాగును బ్యాకప్ తీయడం ఆచారం. దానితోపాటు బూట్‌స్ట్రాప్ ఫైలును, కాన్ఫిగరేషన్ ఫైళ్ళను ఆ సర్వరులో కాక మరొకచోట ఉంచాలి. ఏ వాల్యూములో ఏ స్థానం నుండి చదవాలో బూట్‌స్ట్రాప్ ఫైలు చెబుతుంది. ఇది చేతిలో ఉంటే కాటలాగు లేకపోయినా, కాటలాగు నకలునే ముందుగా పునరుద్ధరించుకోవచ్చును. కాటలాగు పెద్దదయ్యేకొద్దీ దీనిని బ్యాకప్ తీయడానికి, తిరిగి నింపడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది. నిలుపుదల కాలాన్ని నిర్ణయించేటప్పుడు ఈ సమయాన్ని కూడా లెక్కలోనికి తీసుకోవాలి.

పునరుద్ధరణ పరీక్ష

ఒక్కసారికి ఒక్క అమరికనే మార్చి, మార్పుకు ముందు, తరువాత రెండు కొలతలు తీసుకోవాలి. మొదటిది ఒకే క్లయింటు పూర్తి బ్యాకప్‌కు పట్టిన సమయం. రెండవది అదే క్లయింటు నుండి కొన్ని వారాల క్రితపు ఒక ఫైలును ఎంచుకొని, దానిని పునరుద్ధరించడానికి పట్టిన సమయం. ఫైళ్ళ జాబితా తయారు కావడానికి పట్టిన సమయాన్ని ఇందులో విడిగా వ్రాసుకోవాలి, ఎందుకంటే అది కాటలాగు పనితీరుకు నేరుగా కొలమానం.

మొదటి కొలత తగ్గి రెండవది పెరిగినట్లయితే ఆ మార్పును మెరుగుదలగా పరిగణించరాదు. పునరుద్ధరించిన ఫైలును తెరచి, అది మూలంతో సరిపోతున్నదని నిర్ధారించుకొన్న తరువాతనే పరీక్ష పూర్తి అయినట్లు.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్
* మైఎస్‌క్యూఎల్
* అయస్కాంత టేపు
* స్వేచ్ఛా సాఫ్టువేరు